రూలురాయుడి గాలిబుడగ

మా బావ చెంగల్రాయుడికి రూలు లేనిదే తుమ్ము కూడా వచ్చేది కాదు. నేను పెంచి చెబుతున్నాననుకునేవాళ్లు చిత్తూరు బెల్లం మండీలో పాతవాళ్లను ఎవరినైనా అడగవచ్చు. ఊళ్లో అందరూ ఆయన పేరులో ముందు సగం తీసేసి "రూలురాయుడు" అని పిలిచేవాళ్లు. ఆయనకు కోపం వచ్చేది కాదు. పేరు మారాలంటే గెజిట్‌లో పడాలి, పడలేదు కాబట్టి ఆ పేరు చెల్లదు అనేవాడు.

నేను ఆయన భార్య దేవకమ్మకు చెల్లెల్ని. నా పేరు పంకజాక్షి. తిరుపతిలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేశాను. శనివారం సాయంత్రం బస్సెక్కి అక్కావాళ్ల ఇంటికి వెళ్లడం, ఆదివారమంతా బావ రూళ్లు వినడం, సోమవారం టీచర్ల గదిలో వాటిని చెప్పి అందరినీ నవ్వించడం నాకు అలవాటు.

మా నాయన గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసేవాడు. ఒకసారి ఆయన బుట్ట నిండా నిమ్మకాయలతో చిత్తూరు వస్తుంటే, ఎదురెళ్లి తీసుకురావడానికి బావ స్టేషనుకు వెళ్లాడు. ప్లాట్‌ఫారం టికెట్టు ఇచ్చే కిటికీ మూసి ఉంది. గేటు తెరిచే ఉంది, అడిగేవాడు లేడు. ఊరంతా లోపలికీ బయటికీ తిరుగుతోంది. బావ మాత్రం కిటికీ ముందే నిలబడ్డాడు. రైలు వచ్చింది, పోయింది. మా నాయన బుట్ట నెత్తిన పెట్టుకుని తానే బయటికి వచ్చి, ఈడ నిలబడినావేమప్పా అల్లుడా అని అడిగాడు. టికెట్టు కోసం మామా, ఇంకా తెరవలేదు అన్నాడు బావ. మామను జట్కా ఎక్కించాక, కిటికీ తెరిచిన చప్పుడు విని మళ్లీ వెనక్కి వెళ్లి టికెట్టు కొనుక్కొచ్చాడు. అంతసేపు స్టేషను నీడలో నిలబడ్డాడు గనక కొనాల్సిందేనట.

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. బావ ఇంట్లో రేడియో ఎప్పుడో చెడిపోయి అటకెక్కింది. దానికీ కట్టేవాడు. పోస్టుమాస్టరు జాలిపడి, మూగదానికి ఎందుకప్పా లైసెన్సు అంటే, మాటొస్తే ఏం జేస్తావు అని బావ ఎదురు అడిగాడు.

దానికి నిజంగానే మాట వచ్చింది. ఒక వానాకాలం తన బెల్లం మండీకి బేరాలు లేక, బావ రేడియో దించి స్క్రూలు విప్పి కూర్చున్నాడు. బాగుచేశాక ముల్లు తిప్పుతుంటే పాటలూ వార్తలూ కాకుండా ఇద్దరు మనుషులు తీరిగ్గా మాట్లాడుకోవడం వినిపించింది. ఒకాయన బెంగుళూరులో, ఇంకొకాయన ఎక్కడో దూరదేశంలో. వాళ్లు హామ్‌లనీ, సరదా కోసం ఇంట్లోనే చిన్న వైర్‌లెస్ పెట్టుకుని లోకంతో మాట్లాడుకుంటారనీ తెలిసింది. అందుకు ఢిల్లీ లైసెన్సు ఇస్తుందనీ, పరీక్ష రాయాలనీ, చదవడానికి రూళ్ల పుస్తకం ఒకటి ఉందనీ కూడా తెలిసింది.

ఆ ఆఖరి ముక్కకు బావ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "గాలికి కూడా రూలుండాది పంకజా" అన్నాడు నాతో. పెళ్లిచూపుల నాడు మా అక్కను చూసి కూడా ఆయన అంత మురిసి ఉండడు.

పరీక్షకు ఒక్కడే చదివితే తప్పులు పట్టేవాళ్లు ఉండరని నన్ను కూడా కూర్చోబెట్టాడు. ఏ రూలు ఎక్కడ ఉందో నేను అడగాలి, ఆయన చెప్పాలి. తర్వాత ఆయన అడగాలి, నేను చెప్పాలి. అచ్చువేసిన ప్రెస్సువాడి అడ్రసుతో సహా ఆ పుస్తకం మా ఇద్దరికీ కంఠతా వచ్చింది. టిక్కు టక్కు అని కొట్టే మోర్సు కోడు కూడా నేర్చుకున్నాం. మా అక్క వంటింట్లో గరిటెతో గిన్నె అంచున కొడితే, అది 'ఎస్' అయింది దేవకీ అనేవాడు బావ. అక్క ఆ గరిటెను ఆయన వైపు చూపించి, ఇప్పుడేమయిందో చెప్పు అనేది.

ఇద్దరమూ మద్రాసు వెళ్లి పరీక్ష రాసి గట్టెక్కాం. లైసెన్సు వచ్చిన రోజు బావ మండీలో అందరికీ అచ్చు బెల్లం పంచాడు. గాలిలో ఆయన మాట కూడా ఆయనలాగే ఉండేది. కోయంబత్తూరు హామ్ ఒకాయన మాటల మధ్యలో, మీ దగ్గర బెల్లం ధర ఎట్లా ఉంది అని అడిగాడు. వ్యాపారం మాట్లాడరాదని రూలు. బావ మర్యాదగా నమస్కారం చెప్పి, ధర కావాలంటే కార్డు రాయండి అని మైకు కట్టేశాడు. ఆయన కార్డు రాశాడు, బావ ధర రాశాడు. ఇద్దరూ ఆ తర్వాత ఎంతోకాలం స్నేహంగా ఉన్నారు.

ఇక బుడగ సంగతి. దానికి కారణం నేను. యూనివర్సిటీలో వాతావరణం మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసరు మా స్కూలుకు వచ్చి, ఆకాశంలో ఎంతో ఎత్తుకు వెళ్లే రబ్బరు బెలూన్ల గురించి పిల్లలకు చెప్పాడు. కావాలంటే ఒక బెలూను ఇస్తానన్నాడు. నాకు వెంటనే బావ గుర్తుకొచ్చాడు. బెలూనుకు చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి పంపితే, పైన ఎంత చలిగా ఉందో అది కోడ్‌లో చెబుతుంది, పిల్లలు క్లాసులో కూర్చుని వింటారు. ఆ ఆదివారం ఈ మాట చెప్పగానే బావ లేచి నిలబడ్డాడు, ఆనందంతో గదిలో రెండు చుట్లు తిరిగాడు, మళ్లీ కూర్చున్నాడు.

"చాలా బాగుండాది. రూలేం చెప్తాది?"

రూలు ఏమీ చెప్పదు. అదే వచ్చిన చిక్కు. పుస్తకంలో ఇల్లుంది, ఊరుంది, ఓడ ఉంది, విమానం ఉంది. బెలూను అనే మాట లేదు. లేదు గదా, వద్దని కూడా లేదు, ఎగరేద్దాం అన్నాను నేను. చేయకూడదని లేనంత మాత్రాన చేయవచ్చని కాదు అన్నాడాయన. ఢిల్లీకి ఉత్తరం రాశాడు.

నిజానికి బావ అనుమానాలన్నీ న్యాయమైనవే. లైసెన్సు చిత్తూరులో డోర్ నంబరు ఉన్న ఇంటికి ఇచ్చారు. బెలూనుకు డోర్ నంబరు ఉండదు. వేరే చోటికి మోసుకెళ్లి వాడుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మరి బెలూను ఏ చోటికి వెళ్తుందని రాయాలి? అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌మిటరు పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండి నడిపించాలి. మేఘాల మీద ఎవరుంటారు?

మోసేది ఎవరని ఢిల్లీ అడిగింది. గాలి అని రాశాడు బావ. అంతటితో ఊరుకోక, గాలికి లైసెన్సు లేదు కాబట్టి అది ఆపరేటరు లెక్కలోకి వస్తుందా రాదా తెలియజేయగలరు అని తానే ఒక ముక్క కలిపాడు. నాకు ఒళ్లు మండింది. వాళ్లకు రాని అనుమానం నువ్వెందుకు నేర్పిస్తావు బావా అని అడిగాను.

"వాళ్లకి రాకపోతే తప్పు వాళ్లది. నాకొచ్చి కూడా చెప్పకపోతే తప్పు నాది" అన్నాడు.

ఢిల్లీలో ఆ ఫైలు చూసే ఆఫీసరు ఎవరోగానీ పుణ్యాత్ముడు. విసుక్కోలేదు. ఒక్కొక్క ప్రశ్నకూ ఓపికగా జవాబు రాసేవాడు. మనిషి పక్కన లేకపోతే, కొంతసేపటికి దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు చేయగలరా అని అడిగాడు. బావ అలారం గడియారం ఒకటి విప్పి, అలారం మోగే వేళకు ట్రాన్స్‌మిటరు ఆరిపోయేలా అమర్చాడు. అది ఆగాక, కిందపడిన పెట్టెను వెతుక్కోవడానికి కుయ్ కుయ్ అనే చిన్న బజ్జరు పెట్టాడు. మా పిల్లలు, పైనుంచి మా స్కూలు పేరు చెప్పించండి సార్ అని బతిమాలారు. అది ఇతరుల సందేశం కిందికి వస్తుంది, రూలు ఒప్పుకోదు. లైసెన్సుతో ఇచ్చిన పిలుపు పేరు, పైన ఎంత చలో, అంతే.

ఢిల్లీ అనుమతి వచ్చింది, ఇది తెమిలిందనుకుంటే విమానాల వాళ్లు మిగిలారు. వాళ్లకు రాశాడు. పెట్టెకు ఎర్రరంగు వేయమన్నారు, వేశాడు. సూళ్లూరుపేట అవతల రాకెట్లు ఎగురుతాయి గదా, వాళ్లకు అడ్డం వస్తుందేమోనని స్వయంగా అక్కడికి బస్సులో వెళ్లి గేటు దగ్గర ఉత్తరం ఇచ్చి వచ్చాడు. అడవిలో పడితే ఎట్లాగని అడవిశాఖకు రాశాడు. పడే అవకాశం ఉన్న దారి పొడవునా పోలీసు ఠాణాలకు వెళ్లి చెప్పాడు. ఏర్పేడు నుంచి గూడూరు దాకా దారిలో పల్లెల సర్పంచులకు కూడా తలా ఒక ఉత్తరం ఇచ్చాడు. ఎనిమిదో తరగతిలో బెలూను అడిగిన పిల్లలు ఈలోగా పదికి వచ్చారు. ఇంత భయస్థుణ్ణి నమ్ముకుని ఆకాశానికి గురిపెట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆఖరున మిగిలింది మా అక్క అనుమతి. పైన బెలూను పగిలాక పెట్టె మెల్లగా దిగడానికి పారాచూట్ కావాలి. తేలికైన గుడ్డ, గట్టి గుడ్డ కావాలంటే ఇంట్లో అక్క నారింజరంగు నైలాన్ చీర ఒక్కటే కనిపించింది. అది బావే మద్రాసు నుంచి తెచ్చిన చీర. కత్తిరించనని, మడతపెట్టి నాలుగు కొసలకూ తాళ్లు కడతానని, ఉన్నది ఉన్నట్టు తిరిగి తెచ్చిస్తానని బావ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అక్క చదివి, దీని మీద స్టాంపు యాడ అని అడిగింది. బావ నిజంగానే అంటించాడు.

శ్రావణమాసంలో, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున మా స్కూలు మైదానంలో బెలూను నింపాం. ఆ కాలంలో కింద గాలి తూర్పుకు వీస్తుందనీ, పై గాలి పడమటికి వీస్తుందనీ, సముద్రం దాకా పోకుండా వెనక్కి వస్తుందనీ ప్రొఫెసరు చెప్పాడు. అందుకే బావ ఆ నెల దాకా ఆగాడట. ఏనుగుపిల్లంత బెలూను, దాని కింద నారింజరంగు చీర, దాని కింద ఎర్ర పెట్టె, పెట్టెకు వేలాడే పొడుగాటి తీగ. బావ జేబులో లైసెన్సు తడిమి చూసుకుని, తాడు వదిలాడు.

అది లేచింది. కొండల ఎత్తు దాటింది, నిమ్మకాయంతయింది, ఆవగింజంతయింది, లేదు. అప్పుడు క్లాసు గదిలో రిసీవరు పలికింది. టిక్కు టక్కు అంటూ మా బావ పిలుపు పేరు ఆకాశం నుంచి వస్తోంది. పైన చలి పెరిగేకొద్దీ టిక్కులు నెమ్మదిస్తాయి. పిల్లలు వాటిని రాసుకుంటూ, పైన మంచుకన్నా చల్లగా ఉందని లెక్కగట్టి, ఆగస్టు ఎండలో పవిటలు భుజాల మీదికి లాక్కున్నారు. మద్రాసు హామ్ ఒకాయన నాకూ వినిపిస్తోందన్నాడు. బెంగుళూరు, హైదరాబాదు కూడా విన్నాయి. కాసేపటికి సిలోను నుంచి ఒకాయన, ఎవరిదీ గొంతు, ఎక్కడి నుంచి అని కోడ్‌లో అడిగాడు. బావ, అనుమతి తీసుకుని ఇంటి నుంచి తెచ్చిన తన సెట్టు మోర్సు కీ మీద చెయ్యి పెట్టాడు. చిత్తూరు బెల్లం మండీ మనిషిది అని ఆయన కొట్టలేడు, వ్యాపారం మాట్లాడరాదు. "చిత్తూరు" అని మాత్రం కొట్టాడు. మా పిల్లలు బల్లలు చరిచారు. చెప్పిన వేళకు గడియారం ట్రాన్స్‌మిటరును ఆపేసింది. రూలు నెరవేరింది.

ఆ రోజు పెట్టె దొరకలేదు. మర్నాడు మండీకి ఫోను వచ్చింది. ఏర్పేడు అవతల ఒక ఠాణా నుంచి. పెట్టె మీద ఉన్న నంబరు చూసి చేశారు. పెట్టె తమ దగ్గరే ఉందనీ, దాన్ని దాచిన ముసలామెను కూడా కూర్చోబెట్టామనీ చెప్పారు. బావ అనుమతి కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో సర్దుకుని తిరుపతి వచ్చి, నన్ను స్కూలు నుంచి పిలిపించి, ఏర్పేడు బస్సెక్కించాడు.

పెట్టె దొరికిందని నేను సంతోషంగా ఉన్నాను. బావ ముఖం మాత్రం వాడిపోయి ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి గదా, నీకేం భయం అన్నాను.

"నాకేం భయం పంకజా. నాకు రూలు తెలుసు, లాయరు తెలుసు. పైకి పంపేది మనం. అది పడేది యాడనో, ఎవురి చేన్లోనో. వాళ్లకి మనమెవురో తెలీదు. ముందర పట్టుకునేది వాళ్లనే గదా. తప్పేదన్నా ఉంటే అది నా పేరు మీదికి రావల్లని ఇన్ని కాగితాలు రాసుకున్నా. అయినా ఆయమ్మను కూర్చోబెట్టినారు."

ఇంతకాలం ఆ ఉత్తరాలన్నీ తన చర్మం కాపాడుకోవడానికి రాశాడనుకున్నాను నేను. సర్పంచుల ఇళ్ల చుట్టూ ఎండలో ఎందుకు తిరిగాడో బస్సు ఏర్పేడు చేరేలోగా నాకు అర్థమయింది. కిటికీలోంచి చెనిక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాను.

ఠాణాలో ఎస్సై బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. బావ ఉత్తరం తీసుకున్నది పాత ఎస్సై. రాకెట్లు ఎగిరే చోటికి ఇంత దగ్గరలో తీగలూ గడియారమూ ఉన్న ఎర్ర పెట్టె ఆకాశం నుంచి పడితే ఎవరైనా జాగ్రత్త పడతారు. ఆయన్ను తప్పుపట్టలేం. బెంచీ మీద ఒక ముసలామె వక్క నములుతూ, తన ఇంట్లో కూర్చున్నంత ఇదిగా కూర్చుని ఉంది. పేరు సుబ్బులమ్మ. ఎస్సై ఆమెను ప్రశ్నిస్తున్నాడో, ఆమె ఎస్సైని ప్రశ్నిస్తోందో మేం వెళ్లేసరికి తెలియకుండా ఉంది.

"నేనేమన్నా నిచ్చెనేసుకోని పైకెక్కి తెచ్చుకున్నానా నాయనా? అదే వచ్చి మా చేన్లో పడింది. లోపల కుయ్యి కుయ్యిమంటా ఉంటే కోడిపిల్ల గామాలనుకోని నూకలు కూడా ఏసినా."

పెట్టె చుట్టూ నిజంగానే నూకలు అంటుకుని ఉన్నాయి.

బావ నమస్కారం పెట్టి, ఈ కేసులో ముద్దాయిని నేను, ఆమె కాదు అన్నాడు. ట్రాన్స్‌మిటరు ఎక్కడున్నా దానికి జవాబుదారీ లైసెన్సుదారుడేనని రూలు. కాబట్టి ఆమెను లేపి తనను బెంచీ మీద కూర్చోబెట్టమన్నాడు. ఎస్సై తన సర్వీసులో బెంచీ కోసం పోటీపడిన మనిషిని చూసి ఉండడు. కుర్చీ చూపించాడు. బావ సుబ్బులమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తాను బెంచీ మీద కూర్చుని ట్రంకుపెట్టె తెరిచాడు.

ఢిల్లీ కాగితం చూపించాడు, విమానాల కాగితం చూపించాడు, సూళ్లూరుపేట కాగితం చూపించాడు. అడవిశాఖ దగ్గరికి వచ్చేసరికి ఎస్సై చాలండీ అన్నాడు. అన్నీ చూడాలి సార్, అది మీ డ్యూటీ అని బావ మిగతావి కూడా చూపించాడు. ఎస్సై చెమట తుడుచుకుని, పెట్టె తీసుకెళ్లవచ్చు, ఆమె కూడా వెళ్లవచ్చు, కానీ ఒక్క సంగతి తేలాలి అన్నాడు. పెట్టెతోపాటు నారింజరంగు గుడ్డ పడిందని చేలో వాళ్లంతా చెబుతున్నారు. అది కనబడడం లేదు. అడిగితే ఈమె పలకడం లేదు. దొరికిన సొత్తు మొత్తం అప్పగించాకే కేసు మూయగలనన్నాడు.

ఇక ఇల్లు చూడక తప్పలేదు. అందరం కలిసి ఆమె ఇంటికి నడిచాం.

పల్లె చివర చిన్న ఇల్లు. వసారా దూలానికి మా అక్క నైలాన్ చీర ఉయ్యాలై వేలాడుతోంది. అందులో పసిబిడ్డ గుప్పిళ్లు బిగించుకుని నిద్రపోతోంది. పక్కన సుబ్బులమ్మ కూతురు మునిలక్ష్మి, పచ్చి బాలెంతరాలు, మమ్మల్ని చూసి లేవబోయి గోడ పట్టుకుంది. ముందుగా మాట్లాడింది సుబ్బులమ్మే.

"నిన్న పొద్దున ఉయ్యాల గుడ్డ చినిగిపాయ. బిడ్డను చాప మీద పండుకోబెడితే చీమలు. మధ్యాన్నానికి పైనుంచి ఇది వచ్చి పడె. ఇంగ నేను ఎవుర్ని అడగాల సామీ?"

ఎస్సై కూడా బిడ్డల తండ్రే అయి ఉండాలి. కానీ సొత్తు సొత్తే. బిడ్డను నిద్రలేపకుండా మెల్లగా విప్పమని వెంట వచ్చిన కానిస్టేబులుకు చెప్పాడు. కానిస్టేబులు ముడి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి సార్" అన్నాడు బావ. "దానికి రూలుండాది."

ఎస్సై ముఖంలో అలసట మళ్లీ కనిపించింది.

"నలభై రెండో రూలు, రెండో ముక్క. గాల్లో నుంచి దిగిన పెట్టె లైసెన్సుదారుడిది. దాన్ని దించిన గుడ్డ, అది ఎవురి నేల మీద పడితే వాళ్లది."

నేను బావ ముఖం చూశాను. ఆయన రెప్ప కొట్టలేదు. మా రూళ్ల పుస్తకం నలభై రెండు దాకా వెళ్లనే వెళ్లదు. ఆ లోపే అయిపోయి ప్రెస్సువాడి అడ్రసు వస్తుంది.

ఎస్సై నా వైపు తిరిగాడు. మీరు టీచరు గదా, మీకూ లైసెన్సు ఉందన్నారు, ఇట్లా రూలు ఉందా అని అడిగాడు. ట్రంకుపెట్టె నా చేతిలోనే ఉంది, పుస్తకం అందులోనే ఉంది. ఉంది సార్, పరీక్షలో నన్ను అదే అడిగినారు అన్నాను. ఎస్సై ఇంకేమీ అడగలేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. కానిస్టేబులును పక్కకు రమ్మని, నలభై రెండు, రెండో ముక్క అని రాసుకోమన్నాడు. వెళ్లేముందు ఉయ్యాలను వేలితో ఒకసారి ఊపి, ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగాడు. ఆడబిడ్డ అంది మునిలక్ష్మి.

తిరుగు బస్సులో బావ జ్వరం వచ్చినవాడిలా కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక రూలు పేరిట అబద్ధం చెప్పడం ఆయనకు అదే మొదలు. ఓదార్చబోయాను. ఆయన నన్ను ఆపి, ఆ రూలు ఉండాల్సిందే పంకజా, రాసినవాళ్లు మరిచిపోయినారు, అంతే అన్నాడు. ఇంటికి వెళ్లి అక్క ముందు నిలబడి, స్టాంపు అంటించిన మాట తప్పాను, ఏ శిక్ష వేసినా సరే అన్నాడు. అక్క సంగతంతా విని, ఉయ్యాల విప్పుకుని తెచ్చి ఉంటే అప్పుడు వేసేదాన్ని శిక్ష అని, కంచంలో ఆయనకిష్టమైన ఉలవచారు పోసింది.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. మర్నాడే ఢిల్లీకి రాశాడు. నలభై రెండో రూలు రెండో ముక్కను పుస్తకంలో చేర్చవలసిందిగా కోరాడు. అది చేరితే తను చెప్పిన మాట వెనకటి నుంచీ నిజమవుతుందని ఆయన ఆశ. ఆ పుణ్యాత్ముడైన ఆఫీసరు, మీ సూచన పరిశీలనలో ఉన్నదని జవాబు రాశాడు. పరిశీలనలో ఉండాదంటే లేదని కాదు గదా అన్నాడు బావ. తేలేదాకా మనమైనా పాటించాలని తీర్మానించాడు.

ఆ తర్వాత మా స్కూలు నుంచి ఏటా బెలూను ఎగిరింది. ప్రతిసారీ పారాచూట్ పలచటి నూలు మల్లుగుడ్డే, కొత్తది. అక్క దాన్ని మెత్తబడే దాకా ఉతికి ఆరేసేది, బావ ఉయ్యాలకు సరిపోయే కొలత చూసి తాళ్లు కట్టేవాడు. పెట్టె మీద అడ్రసు కింద "పెట్టె మాది, గుడ్డ మీది" అని పెద్ద అక్షరాలతో రాసేవాళ్లం. మా పిల్లలు చాలామంది ఆ టిక్కు టక్కులు వినే సైన్సు చదువులకు వెళ్లారు. ఇద్దరు హామ్‌లయ్యారు. అది నాకు ఎంత గర్వమో, బావతో పాటు ఆ ఠాణా మెట్లు ఎక్కడం అంతకన్నా గర్వం.

ఒకసారి ఆదివారం నేను మండీలో ఉండగా, ఏర్పేడు దిక్కు నుంచి ఒకామె బస్సు దిగి దారి అడుగుతూ వచ్చింది. కోడలికి నెలలు నిండాయట. మీ బుడగ మా పక్కకు ఎప్పుడొస్తాది సామీ అని అడిగింది. గాలి ఎవరి మాటా వినదనీ, ఎక్కడ పడేదీ చెప్పడం కుదరదనీ బావ ఆమెకు పై గాలి, కింద గాలి అంతా వివరించాడు. ఆమె శ్రద్ధగా విని, అట్లనా అని లేచింది.

బావ ఉండమన్నాడు. లోపలి నుంచి ఉతికిన మల్లుగుడ్డ ఒకటి తెచ్చాడు. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. చేతికిస్తే నలభై రెండో రూలు కిందికి రాదన్నాడు. నిచ్చెన వేయించుకుని, ఆ వయసులో పంచె ఎగ్గట్టి, బెల్లం దిమ్మెలు పేర్చిన అటక మీదికి ఎక్కాడు. కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. పైనుంచి గుడ్డ జారవిడిచాడు. కింద ఆమె నవ్వుతూ కొంగు పట్టింది.